వయసు మీద నెట్టేసిన జబ్బు

పన్నెండేళ్ల మా పిల్లి మిరియం రాత్రి రెండు గంటలప్పుడు బాత్రూంలో బకెట్ అంచు మీద ముందుకాళ్లు ఆనించి, మెడ లోపలికి వంచి, ఆగకుండా నీళ్లు తాగుతున్న చప్పుడు నేను మొదటిసారి విన్నది నిరుడు సంక్రాంతి వెళ్లిన వారానికి. విజయవాడలో అప్పటికింకా ఎండలు మొదలు కాలేదు. సాయంత్రం నిండుగా పోసిన వాడి నీళ్ల గిన్నె ఖాళీగా ఉంది. పొద్దున్నే అమ్మకు చెబితే, "పెద్దవాడయ్యాడు కదే, రాత్రిళ్లు నాకు మాత్రం నోరెండిపోవడం లేదూ" అంది. అమ్మకు పద్నాలుగేళ్లుగా షుగర్ ఉంది. ఆమెకు నోరెందుకు ఎండిపోతుందో ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఆ మాట విన్నాక కూడా మాలో ఒక్కరికీ ఆ ఆలోచన తట్టలేదు.

ఆ తరువాత ఒక్కొక్కటే కనిపిస్తూ వచ్చాయి. దసరాకు ఆరు కిలోల పైచిలుకు ఉన్నవాడి వెన్నుపూసలు చేతికి తగలడం మొదలైంది. ఆకలి మాత్రం తగ్గలేదు సరికదా, పెట్టింది తిని మళ్లీ వంటింటి గడప దగ్గరికి వచ్చి కూర్చునేవాడు. కిటికీ అరుగు మీదికి ఒక్క ఊపున ఎగిరేవాడు ముందు కుర్చీ ఎక్కి, అక్కడ కాసేపు ఆగి, అప్పుడు ఎక్కడం మొదలుపెట్టాడు. పిల్లులు నడిచేటప్పుడు వెనకకాళ్ల మడమలు గాలిలో ఉంటాయి, వేళ్ల మీద నడుస్తాయి. వీడు మడమలు నేలకు ఆనించి, కుందేలులా నడుస్తున్నాడు. కీళ్లనొప్పులనుకున్నాం. దగ్గరలోని ఒక పశువైద్యుడికి చూపిస్తే, ఈ వయసులో ఇవన్నీ మామూలేనని చెప్పి ఒక టానిక్ రాసి పంపించారు. రక్తం తీయలేదు, మూత్రం అడగలేదు. నేనూ అడగలేదు, ఎందుకంటే ఆ సమాధానం నేను ఇంటి నుంచి తీసుకెళ్లిన సమాధానమే.

అసలు సంగతి చీమలు చెప్పాయి. ఉగాది ముందు రోజు ఇల్లు కడుగుతుంటే బాల్కనీలో పెట్టిన వాడి ఇసుక పెట్టె చుట్టూ ఎర్రచీమల బారు కనిపించింది. పన్నెండేళ్లలో ఆ పెట్టెకు ఎప్పుడూ చీమ పట్టలేదు. అమ్మ చీపురు పక్కన పెట్టి, చాలాసేపు అటే చూసి, "పూర్వం మనుషులకు షుగర్ ఉందని ఇలాగే తెలుసుకునేవాళ్లే" అంది. మధుమేహం అన్న పేరులోనే ఆ సంగతి ఉంది. తేనెలాంటి మూత్రమని మన ప్రాచీన వైద్యులు పెట్టిన పేరు అది, చీమలు చేరడాన్ని వాళ్లు గుర్తుపట్టి రాసిపెట్టారు కూడా. అంతటి పాత గుర్తు కళ్ల ముందుకు వచ్చేదాకా, దాహం, బక్కచిక్కిపోవడం, ఆకలి, కాళ్ల బలహీనత అనే నాలుగింటినీ మేము వయసు మీదికే నెట్టేశాం. మూడు నెలలు పోయాయి.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మూడు నెలలే. ఇంట్లో పెద్దవయసు పిల్లి ఉన్నవాళ్లు "వయసైపోయింది" అన్న మాటను ఒక పరీక్ష చేయించిన తరువాతే అనాలని నా వాదన. పిల్లులకు వచ్చే షుగర్‌లో కాలయాపనకు కట్టవలసిన మూల్యం మిగతా చాలా జబ్బులకంటే ఎక్కువ. ఎందుకో చెబుతాను.

పిల్లుల మధుమేహం ఎక్కువ భాగం మనుషుల్లో నడివయసు తరువాత వచ్చే రెండో రకం షుగర్‌ను పోలి ఉంటుంది. శరీరం ఇన్సులిన్ మాట వినడం మానేస్తుంది, దాన్ని తయారుచేసే క్లోమగ్రంథిలోని బీటా కణాలు అలిసిపోయి క్రమంగా నశిస్తాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన మగపిల్లులకు, ఇంట్లోనే ఉండి ఒళ్లు చేసిన పిల్లులకు, స్టెరాయిడ్లు వాడిన పిల్లులకు ఇది వచ్చే అవకాశం హెచ్చు. ఊబకాయం ఉన్న పిల్లికి మామూలు బరువున్న పిల్లికంటే దాదాపు నాలుగు రెట్లు ముప్పు ఉంటుందని చెబుతారు. అయితే రక్తంలో పేరుకున్న చక్కెర తనంతట తానే బీటా కణాలకు విషంగా పనిచేస్తుంది. అంటే జబ్బు వల్ల చక్కెర పెరుగుతుంది, పెరిగిన చక్కెర జబ్బును ఇంకా పెంచుతుంది. తొలినాళ్లలోనే ఇన్సులిన్ ఇచ్చి ఆ చక్రాన్ని ఆపితే, ఇంకా చావకుండా మిగిలిన కణాలకు విశ్రాంతి దొరికి, కొన్ని పిల్లులకు ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. దీన్ని డాక్టర్లు రెమిషన్ అంటారు. కుక్కల్లో ఇది అరుదు, పిల్లుల్లో అరుదు కాదు. కానీ నెలలు గడిచేకొద్దీ ఆ తలుపు మూసుకుపోతూ ఉంటుంది. ముసలితనం అనుకుని కూర్చున్న కాలమంతా మేము పోగొట్టుకున్నది దాన్నే.

రెండో చోట, ఒక స్నేహితురాలు చెప్పిన డాక్టరు గారి దగ్గర, సరైన పరీక్ష ఎలా ఉంటుందో చూశాను. టేబుల్ మీద వాడి చెవి అంచున సూదితో గుచ్చి తీసిన చుక్కలో షుగర్ 346 వచ్చింది. నేను గుండె పట్టుకుంటే ఆమె తొందరపడలేదు. బుట్టలో పెట్టి, ఆటోలో తిప్పి, కుక్కల అరుపుల మధ్య కూర్చోబెట్టిన పిల్లికి జబ్బు లేకపోయినా భయంతోనే షుగర్ మూడువందలు దాటవచ్చునట. అందుకని ఫ్రక్టోసమిన్ పరీక్ష చేయించారు. అది గడచిన ఒకటి రెండు వారాల సగటును చెబుతుంది కాబట్టి, ఆ ఒక్కరోజు భయం దానిలో కనిపించదు. మూత్రం ఇంటి దగ్గరే పట్టి తెమ్మన్నారు. ఇసుకకు బదులు చేపల తొట్టెలో వేసే గులకరాళ్లను బాగా కడిగి, ఆరబెట్టి, ఖాళీ పెట్టెలో పోస్తే, అవి మూత్రాన్ని పీల్చుకోవు కాబట్టి సిరంజితో తీసుకోవచ్చు. పిల్లి మూత్రపిండాలు రక్తంలో షుగర్ సుమారు 250 నుంచి 290 దాటితే గానీ చక్కెరను మూత్రంలోకి వదలవు. ఇంట్లో నెమ్మదిగా ఉన్నప్పుడు పట్టిన మూత్రంలో కూడా చక్కెర నిండుగా ఉందంటే ఇక సందేహించడానికి ఏమీ మిగలదు. నీళ్లు కొలవడం కూడా ఆమే నేర్పారు. కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు దాటితే అది జబ్బు కిందే లెక్క. నాలుగు కిలోల నాలుగు వందల గ్రాములకు దిగిన మిరియం ఆ రోజు ఐదువందల ఎనభై తాగాడు.

ఆమె గ్లార్జిన్ అనే ఇన్సులిన్ రాశారు. మనుషులు వాడేదే, పన్నెండు గంటలకొకసారి, మొదట ఒక యూనిట్, రెండు వారాల తరువాత రెండు. అమ్మకు రోజూ సూది వేసే చేయి కాబట్టి నాకు భయం లేదనుకున్నాను, కానీ వేసేటప్పుడు చేయి వణికింది. పెద్దగా ఏమీ లేదు. వాడు గిన్నెలో తల పెట్టి తింటున్నప్పుడు పక్కటెముకల దగ్గర చర్మాన్ని రెండు వేళ్లతో గుడారంలా పైకెత్తి, ఆ గుడారం అడుగున సూదిని పడుకోబెట్టినట్టు దింపి, నెమ్మదిగా నొక్కి తీయాలి. 31 గేజి సూది వెంట్రుకంత సన్నం. వాడు తలెత్తి చూడనైనా చూడలేదు. మాత్ర మింగించడానికి ముగ్గురం కూర్చునే పిల్లికి ఇన్సులిన్ ఇవ్వడం ఇంత తేలికని ముందే తెలిసి ఉంటే, మొదటి డాక్టరు దగ్గరే నేను ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగేదాన్ని.

ఇక తేలిక కానిది చెప్పాలి, ఎందుకంటే ఇది మన దేశంలో ప్రతి ఇంటికీ పొంచి ఉన్న ప్రమాదం. మన దగ్గర సీసాల్లో అమ్మే మామూలు ఇన్సులిన్ చాలా వరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటుంది. దానికి ఎర్రమూత సిరంజి. గ్లార్జిన్ మిల్లీలీటరుకు 100 యూనిట్లు. దానికి నారింజరంగు మూత సిరంజి. మా ఫ్రిజ్ తలుపులో అమ్మది, వాడిది పక్కపక్కనే ఉండేవి. మే నెలలో ఒక ఆదివారం పొద్దున నారింజమూత సిరంజిలు అయిపోయి ఉన్నాయి. మందుల షాపు తెరిచేసరికి పదవుతుంది, ఏడింటి డోసు తప్పుతుందేమోనన్న ఆత్రంలో నేను అమ్మ డబ్బాలో నుంచి ఒక ఎర్రమూత సిరంజి తీసి, రెండో గీత దాకా నింపి వేశాను. ఎర్రమూత సిరంజిలో ఒక గీత అంటే మిల్లీలీటరులో నలభయ్యో వంతు. అంత గ్లార్జిన్‌లో రెండున్నర యూనిట్లు ఉంటాయి. రెండు యూనిట్లు పడవలసిన పిల్లి ఒంట్లోకి ఐదు యూనిట్లు వెళ్లాయి.

ఒంటిగంటకు వాడు సోఫా కింద నుంచి తాగినవాడిలా తూలుతూ బయటికి వచ్చి, గోడకు తల ఆనించి నిలబడ్డాడు. కళ్లు తెరిచి ఉన్నాయి, పిలిస్తే చూడటం లేదు. అమ్మ గ్లూకోమీటరులో 41. అమ్మే ముందు తేరుకుంది. "తేనె తేవే, తేనె" అని అరుస్తూ వాడిని ఒళ్లో వేసుకుంది. నేను చూపుడువేలికి తేనె ముంచి చిగుళ్లకు రాస్తే, పళ్లు గిట్టకరుచుకుని ఉన్నాయి. గొంతులోకి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చునని డాక్టరు గారు ముందే హెచ్చరించారు కాబట్టి పెదవి లోపలి వైపు మాత్రమే రాస్తూ కూర్చున్నాను. నాలుగోసారికో ఐదోసారికో నాలుక కదిలి తేనెను నాకింది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాం. రాత్రంతా గ్లూకోజ్ ఎక్కించారు. తెల్లారేసరికి కూర్చున్నాడు. ఆ రోజు ఒక డోసు మానేసి ఉంటే వాడికి ఏమీ అయ్యేది కాదు. ఒక పూట ఇన్సులిన్ తప్పితే షుగర్ కొంత పెరుగుతుంది, అంతే. ఎక్కువైతే ప్రాణం మీదికి వస్తుంది. వేశామో లేదో గుర్తులేకపోయినా, సగం మందు బయట కారిపోయినట్టు అనిపించినా, మళ్లీ వేయకూడదు. ఇప్పుడు వాడి సిరంజిలు అమ్మ డబ్బా ఉన్న గదిలోనే ఉండవు. పెట్టె మీద "వంద" అని పెద్ద అక్షరాలతో అమ్మే రాసింది.

ఇంట్లో షుగర్ చూసుకోవడం గురించి కూడా ఒక మాట. మనుషుల రక్తంలో గ్లూకోజ్ ఎర్రకణాలకూ ప్లాస్మాకూ మధ్య పంచుకుని ఉంటుంది. పిల్లుల్లో దాదాపు అంతా ప్లాస్మాలోనే ఉంటుంది. అందుకని మన గ్లూకోమీటరు పిల్లి షుగర్‌ను ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది. అది పనికిరాదని దీని అర్థం కాదు. ఎప్పుడూ ఒకే మీటరు వాడి, ఆ అంకెలను డాక్టరు ముందు పెడితే ఎటు పోతున్నదీ తెలుస్తుంది. నేను వారానికి ఒక రోజు రెండు మూడు గంటలకొకసారి చెవి అంచున గుచ్చి చూస్తాను. ముందు చెవిని గోరువెచ్చని గుడ్డతో కాపితే చుక్క సులువుగా వస్తుంది. మిగతా రోజుల్లో నీళ్ల కొలత, ఇసుక పెట్టెలోని మూత్రం గడ్డల లెక్క, వారానికొకసారి బరువు. నోట్‌బుక్‌లో షుగర్‌తో కలిపి ఇవే నాలుగు గళ్లు.

తిండి దగ్గర మన ఇళ్లు మారవలసినది చాలా ఉంది. మిరియం చిన్నప్పటి నుంచి పెరుగన్నం, పాలన్నం, వాటి మధ్యలో పిల్లుల కోసం అమ్మే పొడి బిస్కట్లు తిని పెరిగాడు. పెరుగన్నం పెట్టడం మన దగ్గర ప్రేమకు గుర్తు, నేనూ అలాగే పెట్టాను. కానీ పిల్లి మాంసం మీద బతికేలా పుట్టిన జంతువు. ఒక్కసారిగా వచ్చిపడిన పిండిపదార్థాన్ని సర్దుకునే ఎంజైము దాని కాలేయంలో చాలా తక్కువ. పొడి బిస్కట్లు ఆ ఆకారంలో నిలబడటానికే పిండి కావాలి కాబట్టి వాటిలోనూ అది దండిగా ఉంటుంది. షుగరున్న పిల్లికి మాంసకృత్తులు ఎక్కువగా, పిండి బాగా తక్కువగా ఉండే తడి ఆహారం మంచిది. ఉడికించిన కోడిమాంసం ఒక్కటే నెలల తరబడి పెట్టినా లోటే, దానిలో కాల్షియం చాలదు, ఉడికించి నీళ్లు పారబోస్తే పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం కూడా పోతుంది. ఒక జాగ్రత్త ముఖ్యం. ఇన్సులిన్ మొదలైన తరువాత ఉన్నట్టుండి అన్నం మానిపిస్తే షుగర్ పడిపోవచ్చు, ఎందుకంటే పాత తిండికి సరిపోయే డోసు కొత్త తిండికి ఎక్కువవుతుంది. డాక్టరుతో మాట్లాడి, డోసు చూసుకుంటూ, రెండు మూడు వారాల్లో మార్చాలి. లావుగా ఉందని పిల్లిని పస్తు పెట్టడం అన్నిటికంటే ప్రమాదం. కొన్ని రోజులు తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టి అదే ప్రాణం తీయగలదు.

ఎండాకాలంలో కరెంటు పోయినప్పుడు ఇన్సులిన్ కోసం అమ్మ కుండనే వాడతాం. నీళ్లు చల్లిన ఇసుకలో చిన్న కుండ, దానిలో మూత బిగించిన డబ్బా, డబ్బాలో మందు. ఐసుగడ్డల మధ్య పెట్టకూడదు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనిచేయదు.

ఈ కబుర్లన్నీ విన్న బంధువులు ఒకరు, మనుషులకే ఇన్సులిన్ దొరకని ఊళ్లున్న దేశంలో ముసలి పిల్లికి ఇదంతా అవసరమా అని అడిగారు. అది తేలిగ్గా తీసిపారేయదగిన ప్రశ్న కాదు. గ్లార్జిన్ ఉండే మూడు మిల్లీలీటర్ల ఒక్క కార్ట్రిడ్జిలో 300 యూనిట్లుంటాయి. అప్పట్లో రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున మిరియానికి అది లెక్కప్రకారం డెబ్బై అయిదు రోజులకు వచ్చేది. తెరిచాక 28 రోజులే వాడమని పెట్టె మీద ఉంటుంది. ఫ్రిజ్‌లో జాగ్రత్తగా పెట్టి, మందు తేటగా ఉన్నంతకాలం వాడవచ్చునని, కాస్త మసకబారినా పారేయాలని మా డాక్టరు గారు చెప్పారు. అంటే ఇన్సులిన్ ఖర్చు అంత పెద్దది కాదు. పెద్దది ఏమిటంటే పొద్దున ఏడుకు, సాయంత్రం ఏడుకు ఎవరో ఒకరు ఇంట్లో ఉండటం. పెళ్లిళ్లకు రాత్రి ఆగకుండా తిరిగి రావడం. దీనికి సిద్ధపడ్డ మనిషిని ఎవరి వాటానో లాక్కుంటున్నట్టు చూడటం న్యాయం కాదు. ఆ మాటకొస్తే ఇన్సులిన్ మన చేతికి వచ్చిందే జంతువుల వల్ల. 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే శాస్త్రవేత్తలు కుక్కల మీద ప్రయోగాలు చేసి దాన్ని రాబట్టారు. 1922 జనవరిలో మొదటి మనిషికి ఎక్కించారు. తరువాత ఆరు దశాబ్దాల పాటు మనుషులు ఆవుల, పందుల క్లోమగ్రంథుల నుంచి తీసిన ఇన్సులిన్‌తో బతికారు. అందులో ఆవు ఇన్సులిన్‌కూ పిల్లి ఇన్సులిన్‌కూ తేడా ఒక్క అమైనో ఆమ్లమే. ఆ అప్పులో రోజుకు నాలుగు యూనిట్లు తిరిగి ఇవ్వడం విలాసమని నేను ఒప్పుకోను.

సూది లేకుండా కుదరదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. అమెరికాలో 2022 డిసెంబరులో బెక్సాగ్లిఫ్లోజిన్ మాత్రకు, 2023 ఆగస్టులో వెలాగ్లిఫ్లోజిన్ ద్రవానికి పిల్లుల కోసం అనుమతి ఇచ్చారు. అదనపు చక్కెరను మూత్రంలోకి పంపించే మందులవి. రోజుకు ఒక్కసారి ఇస్తే చాలు. అప్పటికే ఇన్సులిన్ వాడిన పిల్లులకు అవి పనికిరావు. షుగర్ అంకె మామూలుగా కనిపిస్తూనే రక్తం కీటోన్లతో, అంటే ఒంట్లో కొవ్వు కరిగేటప్పుడు పుట్టే పదార్థాలతో, ఆమ్లమయమయ్యే ప్రమాదం కూడా వాటితో ఉంది. ఏ మందు వాడుతున్నా సరే, షుగరున్న పిల్లి తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ, మగతగా పడి ఉంటే పొద్దుటి దాకా ఆగకూడదు.

అందరూ చేయగలరని నేను అనడం లేదు. ఒంటరిగా ఉంటూ రాత్రి డ్యూటీలు చేసేవాళ్లు, పిల్లిని పట్టుకోవడానికే వీలుకాని వాళ్లు, మూత్రపిండాలు కూడా చెడి బాధపడుతున్న పిల్లి ఉన్నవాళ్లు కారుణ్య మరణాన్ని ఎంచుకుంటే వాళ్లను తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఏ జబ్బో తెలుసుకుని, ఏమి చేయగలమో లెక్క చూసుకుని తీసుకున్న నిర్ణయం అది. ఏ జబ్బో తెలుసుకోకుండానే, ముసలిదైంది కదా అని, దాహంతో బకెట్ల చుట్టూ తిరుగుతున్న పిల్లిని ఎండిపోనివ్వడం మాత్రం నిర్ణయమే కాదు.

మిరియానికి రెమిషన్ రాలేదు. మూడు నెలల ముందు మొదలుపెట్టి ఉంటే వచ్చేదేమో చెప్పలేనని డాక్టరు గారు అన్నారు. నన్ను ఓదార్చడానికి రాదు అని చెప్పలేదు, అందుకు ఆమె మీద గౌరవం పెరిగింది. డోసు ఇప్పుడు పూటకు ఒక్క యూనిట్‌కు తగ్గింది. బరువు ఐదు కిలోలు. మడమలు నేల నుంచి లేవడానికి నాలుగు నెలలు పట్టింది. మొన్న కార్తీకంలో కుర్చీ అవసరం లేకుండా కిటికీ అరుగు ఎక్కాడు.

పోయిన వారం కింది వాటాలో ఉండే పిన్నిగారు వచ్చి, తమ పదమూడేళ్ల ఆడపిల్లి ఈ మధ్య తులసికోట దగ్గర చెంబులో నీళ్లు కూడా వదలడం లేదని, వయసు వచ్చేసింది పాపం అని అన్నారు. నేను గులకరాళ్ల పెట్టె కడిగి ఇచ్చాను. మూత్రంలో చక్కెర లేదు. కానీ డాక్టరు గారు రక్తం కూడా తీశారు, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కువగా వచ్చింది. మూత్రపిండాల జబ్బు, తొలిదశ. తిండి మార్చారు, నీళ్ల గిన్నెలు మూడు చోట్ల పెట్టారు, మూడు నెలల తరువాత మళ్లీ రమ్మన్నారు. పిన్నిగారు నోట్‌బుక్ కొనుక్కుని మా ఇంటికి వచ్చి, గళ్లు ఎలా గీయాలో చూపించమన్నారు.